నిద్ర పట్టడం లేదని ఏఆర్‌టీ కేంద్రంలో చెప్పండి

గుంటూరులో మిరపకాయలకు తొడిమలు తీసే పనిలో నాకు పదిహేనేళ్ళు గడిచాయి. ఇప్పుడు వారంలో రెండు రోజులు, హెచ్ఐవీని అదుపులో ఉంచే మందులు (ఏఆర్‌టీ) ఇచ్చే ఏఆర్‌టీ కేంద్రానికి వెళ్ళి, కొత్తగా మందులు మొదలుపెట్టినవారి పక్కన కూర్చుని మాట్లాడతాను. నాకు హెచ్ఐవీ ఉందని 2009లో తెలిసింది. నా భర్త పోయి అప్పటికి నాలుగు నెలలు. జబ్బులతో పోరాడే రక్తకణాల లెక్క, సీడీ4 అంటారు, 178 మాత్రమే ఉంది. అప్పటినుంచి మూడు రకాల మందులు మారాను, మూడు రకాలుగా నిద్ర పోగొట్టుకున్నాను.

కేంద్రంలో అందరినీ తప్పకుండా అడిగే ప్రశ్న మాత్రలు వేళకు వేసుకుంటున్నారా అని. అందరూ వేసుకుంటున్నామనే చెబుతారు. బయట బెంచీ మీద నా పక్కన కాసేపు కూర్చున్నాక అసలు మాట వస్తుంది. "అన్నీ బాగానే ఉన్నాయక్కా, రాత్రుళ్ళే తెల్లవారదు." ఈ మాట లోపల చెప్పారా అంటే చెప్పలేదంటారు. అది జబ్బులో భాగమని, మన రాత అని, ఇంత పెద్ద జబ్బుకు మందిస్తున్నవారిని నిద్ర గురించి అడగడం ఏమిటని అనుకుంటారు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను.

హెచ్ఐవీ ఉన్నవారిలో నిద్రలేమి, దిగులు మిగతావారికంటే ఎక్కువగా కనిపిస్తాయి. రెండింటికీ వైద్యం ఉంది. అయితే నిద్ర పట్టకపోవడానికి కారణం అందరికీ ఒకటే కాదు. ఒకరికి మాత్ర వల్ల పోతుంది, ఒకరికి ఒంట్లో ఇంకో జబ్బు వల్ల, ఒకరికి మనసు కుంగడం వల్ల. ఇంకొందరికి మొదటి కారణం ఎప్పుడో తీరిపోయినా, పక్కమీద మెలకువగా దొర్లే అలవాటు మిగిలిపోతుంది. ఒకదానికి పనిచేసే ఉపాయం ఇంకోదానికి పనిచేయదు. అందుకని ముందు మీది ఏ రకమో పట్టుకోవాలి. అది తేలేదాకా, తేలిన తర్వాత కూడా, ఏఆర్‌టీ మాత్రను మీ అంతట మీరు మానకండి, సగానికి విరవకండి, రోజు విడిచి రోజు వేసుకోకండి. మందు అందని రోజుల్లో వైరస్ పెరుగుతుంది, ఉన్న మందుకు లొంగకుండా మారే అవకాశం వస్తుంది.

ముందు సీసా మీద పేరు చదవండి

చాలామంది సీసా మీది కాగితం చింపేస్తారు, ఇంట్లో ఎవరైనా చదువుతారని. చింపే ముందు మందు పేరు ఒక చీటీ మీద రాసి పెట్టుకోండి. మీ నిద్ర సంగతి తేల్చడానికి ఆ పేరు కావాలి.

మన దేశంలో ప్రభుత్వం ఉచితంగా ఏఆర్‌టీ ఇవ్వడం 2004 ఏప్రిల్ 1న మొదలైంది. నేను చేరినప్పుడు ఇచ్చినవాటిలో స్టావుడిన్ అనే మందు ఉండేది. అది నరాలను దెబ్బతీసేది. రాత్రి పడుకోగానే అరికాళ్ళు మిరపకాయల రాశిలో పెట్టినట్టు మండేవి. దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేకపోయేదాన్ని. ఆ మందు ఇప్పుడు ఇవ్వడం లేదు. కానీ పాత రోజులనుంచి మందు వాడుతున్నవారిలో ఆ మంట ఇంకా మిగిలి ఉన్నవారున్నారు. మధుమేహం వల్లా, క్షయ మందుల్లో ఐసోనియాజిడ్ వల్లా కూడా కాళ్ళు అలా మండవచ్చు. నా కాళ్ళకు బలం లేదు అనకుండా, అరికాళ్ళు మండుతున్నాయి, తిమ్మిరెక్కుతున్నాయి అని ఆ మాటలతోనే చెప్పండి. డాక్టర్‌కు దారి దొరుకుతుంది.

2013లో నాకు మందు మార్చి, రాత్రి పడుకునేముందు వేసుకునే ఒక్క మాత్ర ఇచ్చారు. అందులో ఎఫావిరెంజ్ ఉంది. మూడో రాత్రి నుంచి కలలు మొదలయ్యాయి. కాయల రాశి మీదుగా రైలు వస్తున్నట్టు, దాని పక్కన నా భర్త లుంగీ పైకి కట్టుకుని నిలబడి నన్ను పేరు పెట్టి పిలుస్తున్నట్టు. మెలకువ వచ్చాక కూడా ఆ పిలుపు చెవిలో ఉండేది. లేచి నిలబడితే నేల ఊగేది. మా అత్తయ్య గాలి సోకిందని తాయెత్తు కట్టించింది. పాపం, ఆమె నా మీద ప్రేమతోనే కట్టించింది. నేను మాత్రం ఆరు వారాలు కేంద్రంలో నోరు విప్పలేదు, పిచ్చి అంటారేమోనని. ఒకరోజు వరుసలో నిలబడి తూలితే అప్పుడు డాక్టర్‌గారు అడిగారు, రాత్రి ఏం తిని వేసుకుంటున్నారని. వేపుడు, పెరుగన్నం కడుపునిండా తిని, ఆ వెంటనే వేసుకునేదాన్ని. నూనె, కొవ్వు ఉన్న తిండితో కలిస్తే ఆ మందు రక్తంలోకి ఎక్కువగా చేరుతుందని, కొందరి ఒంట్లో అది పుట్టుకతోనే నెమ్మదిగా అరుగుతుందని ఆమె చెప్పారు. ఏడున్నరకల్లా తేలికగా తినేసి, పదింటికి మాత్ర వేసుకుని వెంటనే పడుకోవడం మొదలుపెట్టాను. రెండు వారాల్లో కలలు పలచబడ్డాయి. తాయెత్తు మాత్రం అత్తయ్య ఉన్నన్నాళ్ళూ తీయలేదు.

ఎఫావిరెంజ్ వాడేవారికి ఇలాంటి కలలు, తల తిరగడం చాలావరకు మొదటి కొన్ని వారాల్లో తగ్గుతాయి. తగ్గకపోయినా, మనసు చీకటిగా మారుతున్నా ఓర్చుకుంటూ కూర్చోకండి. మందు మార్చే వీలుంది.

ఇప్పుడు చాలామందికి ఇస్తున్న మాత్ర టీఎల్‌డీ. అందులో టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోల్యూటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు ఉంటాయి. నేను 2021లో దీనికి మారాను. పీడకలలు పోయాయి. కానీ రాత్రి ఒంటిగంట దాకా కళ్ళు మూతపడేవి కావు, పొద్దున్నే టీ తాగినట్టు తల తేటగా ఉండేది. డోల్యూటెగ్రావిర్ కొందరికి అలా చేస్తుంది. పాత మాత్ర రాత్రిపూట వేసుకున్న అలవాటుతో దీన్నీ రాత్రే వేసుకునేవారు మనలో చాలామంది ఉన్నారు. దీనికి రాత్రే వేసుకోవాలన్న నియమం లేదు. కేంద్రంలో అడిగితే ఉదయానికి మార్చుకోమన్నారు. మార్చేటప్పుడు మధ్యలో రోజంతా ఖాళీ రాకూడదు. నన్ను ఒక రాత్రి వేసుకుని మరుసటి ఉదయమే తర్వాతి మాత్ర వేసుకోమన్నారు, అక్కడినుంచి అదే వేళ. క్షయకు మందులు వాడుతున్నవారికి డోల్యూటెగ్రావిర్ అదనంగా ఇంకో పూట కూడా ఉంటుంది కాబట్టి వాళ్ళు అడగకుండా ఏ వేళా కదపకూడదు. ఎఫావిరెంజ్ వాడుతున్నవారు ఉదయానికి మార్చుకోకూడదు, పగలంతా తల తిరుగుతుంది. ఇందుకే పేరు చదవమన్నాను.

ఉదయం వేసుకోవడంలో ఇంకో చిక్కు ఉంది. పొద్దున ఇంట్లో అందరూ లేచి ఉంటారు. సీసా కదిలిస్తే గలగలమంటుంది. ఒకటి రెండు రోజుల మాత్రలు మాత్రం చిన్న డబ్బాలోకి తీసి, కదలకుండా పైన కాస్త దూది పెట్టి పనికి తీసుకెళతాను. మిగతావి సీసాలోనే ఉండాలి, చెమ్మ తగలకూడదు. కడుపుమంటకు వాడే, అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న గ్యాస్ మందులు (యాంటాసిడ్లు) వేసుకునేవారు డోల్యూటెగ్రావిర్‌ను వాటికి రెండు గంటల ముందో, ఆరు గంటల తర్వాతో వేసుకోవాలి. ఐరన్, కాల్షియం మాత్రలైతే అన్నంతో కలిపి ఒకేసారి వేసుకోవచ్చు.

ఒంటి సంగతి వదిలేయకండి

రాత్రి చెమటతో చొక్కా తడిసిపోయి మెలకువ వస్తే అది నిద్ర సమస్య అనుకోవద్దు. రాత్రి చెమటలు, జ్వరం, దగ్గు, బరువు తగ్గడం, ఈ నాలుగింటిలో ఏది ఉన్నా క్షయ పరీక్ష చేయించాలి. ఆ పరీక్ష, మందులు రెండూ ఉచితం. వచ్చే నెల మందులకు వెళ్ళినప్పుడు చెబుదామని ఆగకండి, ఆ వారమే వెళ్ళండి. పెద్దగా గురక పెట్టి, ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేచేవారు, పగలు కూర్చున్నచోటే కునికేవారు కూడా చూపించుకోవాలి. టీఎల్‌డీ మొదలయ్యాక కొందరు బరువు పెరుగుతారు, దానితో గురక పెరగవచ్చు.

రెండు వారాల పుస్తకం

మందు సరిచేసుకున్నా, ఒంట్లో వేరే జబ్బు లేదని తేలినా నాకు నిద్ర రాలేదు. అప్పుడు కౌన్సెలర్ ఒక మాట చెప్పింది, నీకు ఇప్పుడు పక్క అంటే భయం పట్టుకుంది అని. నిజమే. సాయంత్రం ఆరు దాటితే ఈ రాత్రి ఎలా గడుస్తుందోనని గుండె దడ మొదలయ్యేది.

ఒక పలచటి నోటు పుస్తకం కొనండి. పొద్దున లేవగానే నాలుగు ముక్కలు రాయండి. ఎన్నింటికి పడుకున్నారు, సుమారుగా ఎప్పుడు నిద్రపట్టింది, ఎన్నిసార్లు లేచారు, చివరికి ఎన్నింటికి లేచారు. రాత్రి గడియారం చూడవద్దు, ఉదయం గుర్తున్నంత మేరకు రాస్తే చాలు. దాని కింద నిన్న మాత్ర ఎప్పుడు వేసుకున్నారు, చివరి టీ ఎప్పుడు తాగారు, పగలు ఎంతసేపు పడుకున్నారు, మద్యం తాగారా అన్నది రాయండి. జబ్బు పేరు అందులో రాయనక్కరలేదు. ఎవరు చూసినా నిద్ర లెక్కే కనిపిస్తుంది.

నా పుస్తకంలో పద్నాలుగు రోజుల తర్వాత తేలిందేమిటంటే, నేను ఎనిమిదిన్నరకు పడుకుని ఐదున్నరకు లేస్తున్నాను. పక్కమీద తొమ్మిది గంటలు. అందులో నిద్ర ఐదున్నర గంటలు. మిగతా మూడున్నర గంటలు చీకట్లో ఆలోచనలతో ఉంటున్నాను. నిద్ర రావడం లేదు కాబట్టి త్వరగా పడుకోవాలనుకునేదాన్ని. చేయవలసింది దానికి తలకిందులు. లేచే వేళ ఐదున్నర దగ్గర గట్టిగా నిలిపి, పడుకునే వేళను పదకొండున్నరకు జరిపాను. రాత్రి ఎంత చెడినా ఐదున్నరకే లేవాలి, ఆదివారమైనా సరే. మొదటి వారం చాలా కష్టపడ్డాను. పది గంటలకే తల వాలిపోయేది. కూరగాయలు తరుగుతూ, బట్టలు మడతపెడుతూ మేలుకున్నాను. పదో రోజుకు పడుకున్న కాసేపటికే నిద్ర పట్టడం మొదలైంది. పక్కమీద ఉన్న సమయంలో చాలావరకు నిద్రలోనే గడుస్తున్నదని పుస్తకం చెప్పాక, వారానికి పావుగంట చొప్పున పడుకునే వేళను వెనక్కి జరుపుతూ వచ్చాను. ఇప్పుడు పదింబావుకు పడుకుంటున్నాను.

పక్కమీద ఉండే సమయాన్ని ఐదున్నర గంటలకంటే ఎప్పుడూ తగ్గించవద్దు. మూర్ఛలు వచ్చేవారు, ఒకప్పుడు నిద్రే లేకుండా విపరీతమైన హుషారుతో రోజులు గడిపిన జబ్బు ఉన్నవారు, రాత్రిళ్ళు లారీ నడిపేవారు డాక్టర్‌ను అడగకుండా ఈ పద్ధతి మొదలుపెట్టకూడదు.

దీనితోపాటు ఇంకో నియమం. పడుకుని ఇరవై నిమిషాలు గడిచినట్టు అనిపించినా నిద్ర రాకపోతే లేచి వేరేచోట కూర్చోండి. ఒక్క గదే ఉన్న ఇంట్లో వేరేచోటు ఎక్కడిది అని నన్ను అడుగుతారు. మాదీ ఒక్క గదే. గోడ పక్కన ఒక పీట వేసుకున్నాను. ఫోను ముట్టుకోకుండా, దీపం చిన్నది పెట్టుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతాను. కళ్ళు బరువెక్కాకే మళ్ళీ చాప మీదికి వెళతాను. రాత్రికి ఎన్నిసార్లు అవసరమైతే అన్నిసార్లు.

టీ మధ్యాహ్నం రెండు తర్వాత మానేశాను. మిర్చి యార్డు పనిలో నాలుగింటి టీ అందరితో కలిసి తాగేది కాబట్టి మానడం నాకు బాధగానే ఉండింది, ఇప్పుడు ఆ వేళకు మజ్జిగ తెచ్చుకుంటాను. పగటి నిద్ర అరగంట మించకూడదు, మూడు దాటాక అసలు వద్దు.

మాత్ర గురించి ఎవరికైనా తెలుస్తుందేమో, అమ్మాయి పెళ్ళికి అడ్డం వస్తుందేమో, రక్తంలో వైరస్ ఎంత ఉందో చెప్పే వైరల్ లోడ్ రిపోర్టు ఎలా వస్తుందో, ఈ ఆలోచనలు పడుకోగానే వరుసకట్టి వస్తాయి. వాటికి సాయంత్రమే ఒక వేళ కేటాయించండి. నేను ఆరింటికి గుమ్మంలో కూర్చుని పావుగంట రాస్తాను. ఒక్కొక్క చింత పక్కన రేపు చేయగలిగింది ఏదైనా ఉంటే అదీ రాస్తాను. వైరల్ లోడ్ గురించిన భయం పక్కన ఎక్కువసార్లు రాసింది ఇదే: మాత్ర తప్పలేదు, పరీక్ష పదో తారీఖున. మాత్రలు తప్పకుండా వాడి, రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గి, అలాగే నిలబడితే లైంగిక సంబంధం ద్వారా అది ఇంకొకరికి సోకదు. ఈ మాట తెలిసిన రోజు చాలామంది ముఖాలు మారడం చూశాను, అందుకే ఇక్కడా చెబుతున్నాను. బయటపడుతుందన్న భయం ఉన్నవారికి తెలియవలసింది ఇంకొకటుంది. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్ఐవీ ఎయిడ్స్ చట్టం ప్రకారం మీ అనుమతి లేకుండా మీ స్థితిని బయటపెట్టడం, ఆ కారణంతో ఉద్యోగంలో, చదువులో, వైద్యంలో వివక్ష చూపడం నేరుగా నిషేధం.

మనసు కుంగిందా అన్నది ఎలా తెలుసుకోవాలి

తెల్లవారుజామున మూడింటికి, నాలుగింటికి మెలకువ వచ్చి, మళ్ళీ నిద్ర పట్టక, ఆ వేళలోనే రోజంతటికంటే ఎక్కువ దిగులుగా ఉంటే జాగ్రత్త పడండి. మిమ్మల్ని మీరు రెండు ప్రశ్నలు అడగండి. గడిచిన రెండు వారాల్లో, ఎక్కువ రోజులు, ఏ పని మీదా ఆసక్తి లేకుండా పోయిందా? ఎక్కువ రోజులు దిగులుగా, ఆశ లేనట్టుగా ఉందా? ఒక్కదానికైనా అవునంటే ఆ సంగతి కౌన్సెలర్‌కు చెప్పాలి. మనవాళ్ళు దిగులు అన్న మాట వాడరు. ఒళ్ళు బరువుగా ఉందంటారు, తిండి సహించడం లేదంటారు, తలనొప్పి తగ్గడం లేదంటారు. లారీ మీద పనిచేసే ఒక తమ్ముడు మూడు నెలలు నాతో నిద్ర గురించే మాట్లాడాడు. నాలుగో నెల తన మేనల్లుడి పుట్టినరోజుకు వెళ్ళలేదని చెప్పాడు, ఎందుకని అడిగితే తాను ముట్టుకుంటే పిల్లవాడికి ఏమైనా అవుతుందేమోనని అన్నాడు. ముట్టుకుంటే, ముద్దు పెట్టుకుంటే, ఒకే కంచంలో తింటే ఇది రాదని అతనికి ఎప్పుడో చెప్పారు. తెలిసినా మనసు ఒప్పుకోలేదు. అతనికి కావలసింది నిద్ర చిట్కాలు కాదు. మానసిక వైద్యుడి దగ్గరకు నేనే వెంట వెళ్ళాను.

ఆ వైద్యుడికి మీరు ఏఆర్‌టీ వాడుతున్నారని చెప్పడం అవసరం. దిగులు మందుల్లో ఎక్కువ భాగం ఏఆర్‌టీతో కలిపి వాడుకోవచ్చు. కానీ మూర్ఛకు, మనసు నిలకడకు ఇచ్చే కార్బమజెపిన్ వంటివి డోల్యూటెగ్రావిర్ బలాన్ని తగ్గిస్తాయి. దిగులు మందు పనిచేయడం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. వారం చూసి లాభం లేదని మానేసినవారిని చాలామందిని చూశాను. ఆ తమ్ముడు కూడా పదో రోజున మానేస్తానన్నాడు. ఇంకో రెండు వారాలు చూడమని రోజూ ఫోను చేశాను.

చనిపోవాలన్న ఆలోచన వస్తే రాత్రి ఎంతైనా సరే 14416కు ఫోను చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలీమానస్, 24 గంటలూ ఉంటుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మీ జబ్బు ఏమిటో చెప్పనక్కరలేదు. ఆ రాత్రి ఒంటరిగా ఉండకండి, ఇంట్లో ఒకరిని లేపండి. ఇంట్లో ఎవరికైనా అలాంటి ఆలోచన ఉన్నట్టు తెలిస్తే పురుగుమందు డబ్బాలను ఆ రోజే ఇంటినుంచి తీసేసి, వారి చేతికి అందనిచోట తాళంలో పెట్టించండి. మా పల్లెల్లో ఈ ఒక్క పని ప్రాణాలు నిలుపుతుంది.

నిద్రకోసం వద్దన్నవి

క్వార్టర్ తాగి పడుకుంటే త్వరగా నిద్ర పట్టినట్టే ఉంటుంది, రెండింటికి మెలకువ వస్తుంది, మరుసటి రోజు మాత్ర వేళ తప్పుతుంది. మందుల దుకాణంలో చీటీ లేకుండా ఇచ్చే అల్ప్రాజోలం నేనూ నాలుగు నెలలు వాడాను. మొదట సగం మాత్ర, తర్వాత ఒకటి, తర్వాత రెండు. మానబోతే చేతులు వణికాయి. వాడుతున్నవారు ఒక్కసారిగా ఆపకండి, మూర్ఛలు రావచ్చు. డాక్టర్ చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించాలి. తెలంగాణలో కొన్నిచోట్ల కల్తీ కల్లులో కలిపేదీ ఈ మందే, కల్లు మానగానే వణుకు, పిచ్చి చూపులు వస్తే కారణం అదే కావచ్చు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఇక లోపలికి వెళ్ళినప్పుడు ఏమనాలి అంటే, నేను కొత్తవారితో బెంచీ మీద ఒకసారి చెప్పించి పంపుతాను. "మేడమ్, రెండు వారాలుగా రాసుకున్నాను. పదిన్నరకు పడుకుంటే ఒంటిగంటకు గానీ నిద్ర రావడం లేదు. టీఎల్‌డీ రాత్రి తొమ్మిదికి వేసుకుంటున్నాను. అరికాళ్ళు మండడం లేదు. దిగులుగా ఉంటోంది." ఇంత చెప్పడానికి అర నిమిషం పడుతుంది. వరుసలో వెనక జనం ఉన్నారని ఆగకండి. పుస్తకం తెరిచి బల్ల మీద పెట్టండి. ఆరోజు వినే తీరిక వారికి లేకపోతే కౌన్సెలర్‌ను ఏ రోజు కలవాలో రాయించుకుని రండి, లేదా ప్రభుత్వ ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఫోను చేసి అడగండి. మంగళవారం, శుక్రవారం నేను ఆ బెంచీ మీదే ఉంటాను.